గుర్రప్పళ్ళు తీసే నాలుగో అత్త

పాత వంతెన వీధిలో ల్యావ్ సూచిన్ ఇల్లెక్కడ అని అడిగితే చెప్పేవాళ్ళు దొరకరు. నాలుగో అత్త ఇల్లెక్కడ అని అడగాలి. నలుగురు అన్నదమ్ములున్న ఇంటికి ఆఖరి కోడలిగా వచ్చింది కనక ఆ పేరు. పై ముగ్గురు కోడళ్ళూ కాలం చేసినా నాలుగో అత్త నాలుగో అత్తగానే ఉండిపోయింది. ఆమెది దూది పని. మొగుడు బతికున్న రోజుల్లో అతను విల్లు భుజాన తగిలించుకుని దూది ఏకుతుంటే, ఆమె ఆ దూదిని పరిచి, పైన ఎర్రదారం వల అల్లి, రజాయిలు కుట్టేది. అతను పోయాక ఏకుడు మిషను పాలయింది. కుట్టు మాత్రం ఆమె చేతిలో మిగిలింది. చైనాలో ఆ హునాన్ కొండల్లో చలికాలమంటే మంచు కాదు, ఎముకల్లోకి దిగే తడి. ఆ వీధిలో నాలుగో అత్త కుట్టని రజాయి కప్పుకుని పడుకున్నవాడు లేడు.

చేతిలో సూది ఉన్నవాళ్ళకి ఆ ఊళ్ళో ఇంకో పని కూడా అంటగడతారు. అది గుర్రప్పళ్ళు తీయడం. పుట్టిన కొన్నాళ్ళకి పసివాళ్ళ చిగుళ్ళ మీద నూకగింజల్లా తెల్లగా, గట్టిగా ఏవో తేలతాయి. వాటినే గుర్రప్పళ్ళంటారు. అవి ఉంటే బిడ్డ రొమ్ము పట్టదని, పట్టినా పాలు ఒంటబట్టవని, రేపు అసలు పళ్ళు వంకరగా వస్తాయని తాతల నాటి నమ్మకం. నాలుగో అత్త సూదిని దీపం మంటలో కాల్చి, బిడ్డను కిటికీ వెలుగులో ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటే గిల్లి తీసి, టీనీళ్ళలో తడిపిన గుడ్డతో చిగుళ్ళు తుడిచేది. బిడ్డ కెవ్వుమనేది. తల్లి కళ్ళు మూసుకునేది. నానమ్మ మాత్రం ఓ బెల్లం పొట్లం ఆమె చేతిలో పెట్టి, గండం గడిచినట్టు మొహం పెట్టుకుని వెళ్ళేది.

ఆ పనంటే నాలుగో అత్తకి ఎంత గర్వమో చెప్పలేం. రజాయిని చలికాలంలో ఒకసారి మెచ్చుకుంటారు, తర్వాత పెట్టెలో పడేస్తారు. పిల్లలు అలా కాదు, కళ్ళముందు పెరుగుతారు. బజార్లో ఎవడైనా గొంతెత్తి గడగడా మాట్లాడుతుంటే, ఆ నోరు నా చేతిలోంచి వచ్చిందే అని పక్కవాళ్ళతో అనేది. వీధివాళ్ళు తక్కువ తిన్నారా? ఎవడైనా మరీ వాగుతుంటే, నాలుగో అత్త వీడివి మరీ శుభ్రంగా తీసేసింది, మాటకి అడ్డే లేకుండా పోయింది అని వెక్కిరించేవాళ్ళు. దానికీ ఆమె మురిసిపోయేది.

ఇంతటి మనిషికి ఇంట్లో చెల్లుబాటు కాలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా.

ఆమె కొడుకు మాన్‌తాంగ్ మూడు చక్రాల బండి మీద సరుకులు తోలతాడు. అతని పెళ్ళాం ఛైయున్ నది దిగువ పల్లె పిల్ల. పెళ్ళికి ముందు దక్షిణాన బొమ్మల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చింది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. మగబిడ్డ పుట్టి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజునే నాలుగో అత్త చేదు కషాయం గిన్నె, తేనె గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉంది. ముందు చేదు, తర్వాత తీపి నాలిక్కి తగిలిస్తే బిడ్డ బతుకూ అలాగే నడుస్తుందని అక్కడి ఆనవాయితీ. ఛైయున్ రెండు గిన్నెలూ తీసి అలమరలో పెట్టేసింది. తర్వాత అత్త ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"అత్తయ్యా, మీ మనవడు, మీ ఇష్టం. ఎత్తుకోండి, స్నానం చేయించండి, పక్కలో వేసుకోండి. నోట్లో మాత్రం వేలు పెట్టకండి. పెట్టారో, వాణ్ణి తీసుకుని మా పుట్టింటికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

అరిచి ఉంటే నాలుగో అత్త కూడా అరిచి ఉండేది. అంత నెమ్మదిగా చెబితే ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. కొడుకు వైపు చూసింది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతున్న మాన్‌తాంగ్ బండికి డీజిల్ కొట్టించాలని గుర్తు తెచ్చుకుని బయటికి నడిచాడు.

నాలుగో అత్త సరేనంది, మూతి ముడుచుకునే ఆ మాట నిలబెట్టుకుంది. బాలింత తిండికి ఏ లోటూ చేయలేదు. పంది కాళ్ళు వేరుశనగలతో ఉడికించింది, చేపల పులుసు తెల్లగా మరిగేదాకా కాచింది, తియ్యటి బియ్యం సారాలో గుడ్లు కొట్టి పోసింది. చెప్పాల్సినవన్నీ పొయ్యికి చెప్పుకుంది. ఊళ్ళో పిల్లలందరికీ పనికొచ్చిన చెయ్యి సొంత మనవడికి పనికిరాదట, విన్నావా అని పొయ్యినే అడిగింది.

నెల నిండేలోపే బిడ్డ పాల దగ్గర పేచీ మొదలెట్టాడు. ఆకలిగా అందుకుంటాడు, రెండు గుటకలు వేస్తాడు, వదిలేసి ఏడుస్తాడు. మళ్ళీ అందుకుంటాడు, మళ్ళీ వదిలేస్తాడు. బుగ్గలు తగ్గాయి. మావ్‌మావ్ అని అందరూ ముద్దుగా పిలిచే పిల్లాడి ఏడుపు వీధి చివరిదాకా వినబడేది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళందరిదీ ఒకటే మాట, గుర్రప్పళ్ళు. ఊరందరి పిల్లల్నీ బాగుచేసి ఇంట్లో మనవణ్ణి మాడుస్తోందని ఒకావిడ గుమ్మం దాటకముందే అనేసింది. నాలుగో అత్తకి ఒళ్ళు మండిపోయింది. ఇక కోడలు చూడబోతే, పాలిచ్చేటప్పుడు గోడవైపు తిరిగి పళ్ళు బిగబట్టుకు కూర్చునేది. అది తన మీద కోపమనే అత్త అనుకుంది.

ఒక వానపొద్దున ఛైయున్ పెరట్లో అల్లం వేసి కాచిన నీళ్ళతో తలంటుకుంటోంది. నెల నిండని బాలింత తల తడపకూడదని అత్త మొత్తుకున్నా వినలేదు. మాన్‌తాంగ్ అరుగు మీద టైరుకి గాలి కొడుతున్నాడు. బిడ్డ నానమ్మ కుట్టిన రజాయిలో, నానమ్మ ఒళ్ళో ఉన్నాడు. ఇంతకన్నా అదను దొరకదు. నాలుగో అత్త సూది కాల్చి, చల్లారాక పెదాల మధ్య పట్టుకుంది. వేలికి తడిగుడ్డ చుట్టుకుని, కిటికీ దగ్గర బిడ్డ గడ్డం కిందికి నొక్కింది.

చిగుళ్ళ మీద అవి ఉన్నాయి. అనుకున్నట్టే, మూడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. సూది అందుకోబోతూ నాలిక వైపు చూసింది. తెల్లగా ఉంది. పాలేమో అనుకుని గుడ్డతో తుడిచింది. పోలేదు. బుగ్గ లోపల చూసింది. అక్కడా విరిగిన పాలు అంటుకున్నట్టు తెల్లటి మచ్చలు. పాలైతే తుడిస్తే రావాలి. ఇంకాస్త గట్టిగా రుద్దింది. కొంచెం ఊడింది, కింద పచ్చిగా ఎర్రగా కనబడింది, ఓ రక్తపు చుక్క తేలింది. బిడ్డ గుక్కపట్టాడు.

రక్తం ఆమెకి కొత్త కాదు. కానీ ఆమె చెయ్యి ఆగిపోయింది. గుర్రప్పళ్ళు గట్టిగా ఉంటాయి, వాటిని వేలితో నొక్కినా ఏ బిడ్డా ఏడవదు. సూది దిగాకే ఏడుస్తుంది. ఈ సంగతి ఆమె వేలికి ఎన్నో ఏళ్ళుగా తెలుసు, మనసుకే తెలియదు. ఈ బిడ్డకి చిగుళ్ళు నొప్పి కాదు, నోరంతా పుండులా ఉంది. ఆ నోటితో ఏ ప్రాణి మాత్రం పాలు తాగుతుంది?

ఇప్పుడు ఆమె పరిస్థితి తేలు కుట్టిన దొంగలా ఉంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రక్తం ఎంతసేపని ఉంటుంది, కోడలు తల తుడుచుకుని వచ్చేసరికి పోతుంది. కానీ ఈ తెలుపు పోదు, బిడ్డ ఇంకా ఎండిపోతాడు. చెప్పిందంటే, కోడలు అన్నమాట అన్నట్టు చేసే మనిషి. రేపటి నుంచి ఈ ఒళ్ళో బిడ్డ ఉండడు. ఆమె సూదిని కోటు అంచుకి గుచ్చేసింది. బిడ్డను గుండెకి ఆనించుకుని పెరట్లోకి వెళ్ళింది.

"అమ్మాయ్, నేను వీడి నోరు తెరిచాను."

ఛైయున్ తడిజుట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "గుచ్చారా?"

"గుచ్చలేదు. గుడ్డతో రుద్దాను, రక్తం వచ్చింది. వెళ్ళిపోతే వెళ్ళిపో, నేనేమీ అనను. కానీ ముందు డాక్టరు దగ్గరికి పోదాం. ఇది గుర్రప్పళ్ళ వల్ల కాదు. నాలిక మీద, బుగ్గల్లో ఏదో తెల్లగా పట్టేసింది. నాకు తెలిసింది కాదిది."

ఛైయున్ బిడ్డను లాక్కున్నట్టు తీసుకుని, వెలుగులో నోట్లోకి చూసింది. కోపం వస్తుందని నాలుగో అత్త తల వంచుకుని ఎదురుచూసింది. వచ్చింది కోపం కాదు.

"నాకూ మంటగా ఉంది అత్తయ్యా. వాడు రొమ్ము పడితే గాజుపెంకులు గుచ్చుకుంటున్నట్టుంది. చెబితే నా పాలు మంచివి కావంటారు, డబ్బాపాలు పట్టమంటారు. అందుకే చెప్పలేదు."

గోడవైపు తిరిగి కూర్చోవడం అందుకా అని నాలుగో అత్తకి అప్పుడు అర్థమైంది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరూ చెరొకటి దాచుకున్నారు, మధ్యలో బిడ్డ పస్తున్నాడు. ఆమెకి తననీ కోడల్నీ కలిపి తిట్టాలనిపించింది. తిట్టలేదు. పొడితువ్వాలు తెచ్చి కోడలి తల తనే గట్టిగా తుడిచి, మాన్‌తాంగ్‌ని కేకేసింది.

బండిలో క్యాబేజీ బస్తాల మధ్య ఇద్దరూ ఒకే రజాయి కప్పుకుని కూర్చున్నారు. పైన టార్పాలిన్ మీద వాన. వంతెన దాటాక ఛైయున్ తనంతట తానే చెప్పింది. ఆమెకి ఒక చెల్లెలు ఉండేదట. పసిగుడ్డుగా ఉన్నప్పుడు పల్లెలో ఒకావిడ గుర్రప్పళ్ళు తీసిందట. తర్వాత జ్వరం వచ్చి, ఒళ్ళు బిగుసుకుపోయి, పట్నం చేరేలోపే పోయిందట.

"ఆవిడ కూడా మీలాగే మంచిది, అత్తయ్యా. డబ్బు పుచ్చుకునేది కాదు. మా అమ్మకి ఆవిడంటే ఇప్పటికీ ఇష్టమే. మీ మొహం చూస్తూ ఈ మాట ఎలా చెప్పను?"

నాలుగో అత్త రజాయి కొసని కోడలి భుజం మీదికి ఇంకాస్త లాగింది.

ఆరోగ్య కేంద్రంలో ఉన్న డాక్టర్ తియన్ పొట్టిమనిషి, మాట గబగబా ఉంటుంది. లైటు వేసి బిడ్డ నోట్లోకి చూసి, ఇది తెల్లపూత అంది. పాతకాలం వాళ్ళు బాతునోరు అనేవారట. తడిలో బూజు పట్టినట్టు నోట్లోనూ పడుతుందని, పసివాళ్ళకి తరచూ వచ్చేదేనని, భయం లేదని చెప్పింది. చుక్కల మందు రాసింది. పాలు తాగించాక నాలిక మీద, బుగ్గల లోపల అన్నివైపులా తగిలేలా వెయ్యాలి, తెలుపు పోయిందని వెంటనే ఆపకూడదు. తల్లికి పూత మందు ఇచ్చింది. ఇద్దరికీ ఒకేసారి తగ్గాలి, లేకపోతే ఒకరిది ఒకరికి అంటుకుంటూనే ఉంటుంది. రొమ్ము మాన్పించనక్కర్లేదు. పాలసీసా పీకలు, చెంచాలు వాడితే రోజూ మరిగించాలి. తెలుపుని గుడ్డతో రుద్దకూడదు. నీళ్ళు వేడిగా ఉన్నాయేమోనని చెంచాని ముందు తమ నోట్లో పెట్టుకుని చూసే పెద్దవాళ్ళుంటే, ఆ అలవాటు మానాలి. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. జ్వరం వచ్చినా, పాలు పూర్తిగా మానేసినా, ఉచ్చ తగ్గినా ఆలస్యం చేయకుండా తీసుకురావాలి.

చెంచా మాటకి నాలుగో అత్త ఇబ్బందిగా కదిలింది. అయినా లేవకుండా కూర్చుని, అన్నిటికన్నా ముఖ్యమైనది అడిగింది. "మరి చిగుళ్ళ మీద ఆ మూడు?"

"అవా? వదిలేయండి. కొన్ని వారాల్లో వాటంతటవే రాలిపోతాయి."

"ఎవరూ తీయకపోయినా?"

"ఎవరూ తీయకపోయినా. తీస్తేనే ప్రమాదం, పెద్దమ్మా. సూది గుచ్చిన చోటునుంచి విషం లోపలికి పోతుంది. కొందరు పిల్లలు బతకరు కూడా." డాక్టరు ఇది చెప్పేటప్పుడు మందు చీటీ రాస్తోంది. ఎదురుగా ఉన్నది ఎవరో ఆమెకి తెలియదు.

తిరుగుదారిలో నాలుగో అత్తకి ఎవరెవరి పిల్లలో గుర్తొచ్చారు. సూది తర్వాత ఒకరిద్దరికి జ్వరాలు వచ్చిన మాట నిజమే. గాలి తగిలిందని పెద్దవాళ్ళన్నారు, ఆమె కూడా అదే అంది. ఎవరూ పోలేదు, తనకి తెలిసినంతవరకు. తనకి తెలిసినంతవరకు అన్న మాట దగ్గరే ఆమె మనసు ముల్లు గుచ్చుకున్నట్టు ఆగిపోయింది. డాక్టరు మీద కోపం వచ్చింది, తన మీద వచ్చింది, ఎప్పుడో ఆ సూది తన చేతిలో పెట్టి చచ్చిపోయిన అత్త మీదా వచ్చింది. ఇంటికి రాగానే బిడ్డ చెంచా మరిగించడానికి నీళ్ళు పెట్టింది.

ఛైయున్ పుట్టింటికి వెళ్ళలేదు. అలాగని మందు సీసా అత్త చేతికీ ఇవ్వలేదు. తనే వేసేది. నాలుగో అత్త గుమ్మం దగ్గర నిలబడి చూసేది, అడగడానికి మొహం చెల్లేది కాదు. మాట తప్పింది తను కదా. రోజులు గడుస్తుంటే తెలుపు నాలిక అంచుల నుంచి వెనక్కి తగ్గింది, తర్వాత బుగ్గలు తేటపడ్డాయి. బిడ్డ చప్పుడు చేస్తూ పాలు తాగడం మొదలెట్టాడు. ఆ గుటకల చప్పుడు వంటింట్లోకి వినబడితే, ఆమె ఉడుకుతున్న కుండని కూడా పొయ్యి మీంచి దించి వినేది. సంతోషంగానే ఉండేది. సంతోషంగా ఉంటూనే, ఆ నోరు తనకి ఎప్పటికీ పరాయిదేనేమో అని బాధపడేది.

నెల నిండిన విందుకి బల్లలు వీధిలోకి వేశారు. ఎర్రరంగు పూసిన గుడ్లు, పొగలో ఆరిన మాంసం, మిరపకాయల మీద మిరపకాయలు. అందరూ తింటుండగా ఇటుకబట్టీ సందు నుంచి హూ పెద్దావిడ వచ్చింది. వెంట కొడుకు, చంకలో కొత్తగా పుట్టిన మనవరాలు. విందుకి కాదు, పనిమీద వచ్చానని ముందే చెప్పింది. పనేమిటో ఎవరూ అడగలేదు. బల్లల దగ్గరున్నవాళ్ళు కుర్చీలు కాస్త జరిపి వెలుగు విడిచారు.

నాలుగో అత్త చేతులు సబ్బుతో కడుక్కుంది. పాలు బాగా తాగుతోందా అని అడిగింది. తాగుతోంది. ఉచ్చ పోస్తోందా అని అడిగింది. పక్కలన్నీ తడిపేస్తోందట. నోట్లోకి చూసింది. నాలిక ఎర్రగా శుభ్రంగా ఉంది, బుగ్గలు బాగున్నాయి, చిగుళ్ళ మీద అవి ఉన్నాయి.

"గుర్రప్పళ్ళే. తీయను."

హూ పెద్దావిడ నమ్మలేదు. "చెయ్యి వణుకుతోందా ఏం?"

"చెయ్యి బాగానే ఉంది వదినా. తీయక్కర్లేదు. వాటంతటవే పోతాయి."

"మరి మావాడివి తీశావుగా?" ఆవిడ కొడుకుని ముందుకి నెట్టింది. ఎవరో చేతిలో పెట్టిన అన్నం గిన్నెతో ఆ భారీ మనిషి బిత్తరపోయి నిలబడ్డాడు.

ఆ రోజులు వేరు అనొచ్చు. వయసైపోయింది, చూపు ఆనడం లేదు అనొచ్చు. ఏది చెప్పినా వీధి సరేననేది, ఆమె పేరు ఆమెకి ఉండేది. నాలుగో అత్త లేచి నిలబడింది.

"తీశాను. తీయకపోయినా పోయేవే. వాణ్ణి ఊరికే ఏడిపించాను. ఇక్కడ తింటున్నవాళ్ళలో సగం మందిని ఏడిపించాను. మీకేం కాలేదంటే అది నా గొప్ప కాదు, మీ అదృష్టం. నది దిగువ పల్లెలో ఒక పసిపిల్ల దీనికే పోయింది. ఇక ఎవరూ నా దగ్గరికి ఇందుకు రావద్దు. ఇంకెవరి దగ్గరికీ పోవద్దు."

బల్లల దగ్గర చాప్‌స్టిక్కులు ఆగిపోయాయి. హూ పెద్దావిడ, "అయితే ఆనాటి బెల్లం తిరిగిస్తావా?" అంది.

"తినేశాను వదినా. మళ్ళీ కొనిస్తాను."

ముందు హూ గారి కొడుకే నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నాలుగో అత్త నవ్వలేదు, స్టూలు మీద కూలబడింది. గుమ్మంలోంచి అంతా విన్న ఛైయున్ బిడ్డను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. మందు సీసా చేతికిచ్చింది.

"మందు వేళయింది అత్తయ్యా. డాక్టరు ఇంకా ఆపమనలేదు. బుగ్గల లోపలి వైపు నాకు సరిగ్గా కనబడదు, మీరే చూసి వెయ్యండి."

నాలుగో అత్త సీసా మూత తీసింది. ఆమె వాడి గడ్డం మీద వేలు ఆనించగానే మావ్‌మావ్ తనంతట తనే నోరు తెరిచాడు. లోపల ఎక్కడా తెలుపు లేదు. రెండు బుగ్గల్లోనూ చుక్కలు వేసింది. వాడు చప్పరించి, మొహం చిట్లించి, ఇంకా ఉందా అన్నట్టు చూశాడు. నాలుగో అత్త అంతమందిలో, సిగ్గుపడకుండా ఏడ్చింది.

కోడలు ఓదార్చలేదు. ఇంకో స్టూలు లాక్కుని అత్త పక్కనే కూర్చుని, హూ వారి పసిపిల్ల మీదికి వంగింది.

"నాకూ చూపించండి అత్తయ్యా, గుర్రప్పళ్ళంటే ఎలా ఉంటాయో. నేనెప్పుడూ భయంతో సరిగ్గా చూడనేలేదు."